పునరుద్ధరణ, పునరుజ్జీవనం: ఏది ఎక్కడ?

ప్రశ్న: రెండింటినీ ఒకే అర్థంలో వాడేస్తున్నారు. తేడా ఉందా?

జవాబు 1: ఉంది. ఆగిపోయినదాన్నో పాడైనదాన్నో పాత స్థితికి తెస్తే పునరుద్ధరణ: విద్యుత్ సరఫరా, చెరువు, రద్దయిన పథకం. ప్రాణం, కళ, ఉత్సాహం తిరిగి వస్తే పునరుజ్జీవనం. అందుకే 14వ శతాబ్దంలో ఇటలీలో మొదలైనది సాంస్కృతిక పునరుజ్జీవనం. పాత గుడిని బాగుచేస్తే జీర్ణోద్ధరణ అనే చక్కని మాట ఉండనే ఉంది.

జవాబు 2: ‘పునరుద్దరణ’ అని రాయకండి. ఉత్ + హరణ కలిస్తే ఉద్ధరణ, ద కింద ధ వత్తు తప్పనిసరి. ‘మళ్ళీ పునరుద్ధరించారు’ కూడా తప్పే. పునః అంటేనే మళ్ళీ.

జవాబు 3: క్రియల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ‘సరఫరా పునరుద్ధరించింది’ కుదరదు, ‘సరఫరాను పునరుద్ధరించారు’ అనాలి. కళ తనంతట తాను పునరుజ్జీవిస్తుంది, మనం పునరుజ్జీవింపజేస్తాం. మాటల్లో ఇవేవీ అక్కర్లేదు: కరెంటు వచ్చింది, మనిషి కోలుకున్నాడు, వ్యాపారం పుంజుకుంది, ఎండిన మొక్క చిగురించింది.