అపార్ట్‌మెంట్ సంఘం ఏ చట్టం కింద పెట్టుకోవాలి? టెర్రస్ ఎవరిది?

ప్రశ్న (మియాపూర్ నుంచి):

అందరికీ నమస్కారం. మాది మియాపూర్ దగ్గర అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. స్థలం 2,400 గజాలు. డెవలప్‌మెంట్‌కు ఇచ్చిన స్థల యజమానికి 24 ఫ్లాట్లు, బిల్డర్‌కు 36. రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉంది, భవనంలో నివాసానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చి ఏడాది దాటింది. ఇప్పటికీ మెయింటెనెన్స్ వసూళ్లు బిల్డర్ మనుషులవే. రసీదు అడిగితే తెల్లకాగితం మీద గీకి ఇస్తారు. చదరపు అడుగుకు 50 రూపాయల చొప్పున కార్పస్ ఫండ్, అంటే భవనం భవిష్యత్ ఖర్చులకు దాచే ఉమ్మడి నిధి, కట్టాం. సగటున 1,250 అడుగుల ఫ్లాట్లు కాబట్టి అందరిదీ కలిపితే 37.5 లక్షలు. అదెక్కడుందో తెలియదు. "సంఘం పెట్టుకుని రండి, ఇచ్చేస్తాను" అంటాడు. పెట్టుకుందామంటే మాలో ఒకరు సొసైటీ అంటారు, ఇంకొకరు మ్యాక్స్ అంటారు. ఈలోగా టెర్రస్ హక్కులు తనవని, పైన ఇంకో అంతస్తు వేస్తానని బిల్డర్ కొత్త పాట అందుకున్నాడు. సేల్ డీడ్‌లో నిజంగానే అలాంటి వాక్యం ఒకటి ఉంది. ముందు దేని మీద పడాలి?

సమాధానం (ఆడిటర్‌గా రిటైరైన సభ్యుడు):

చట్టం సంగతి ముందు తేల్చేద్దాం, నిజానికి అది మీ చిక్కుల్లో చిన్నది. మన దగ్గర మూడు దారులున్నాయి. 1964 నాటి సహకార సంఘాల చట్టం, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (అదే మ్యాక్స్), 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. 1964 చట్టంలో రిజిస్ట్రార్ పెత్తనం ఎక్కువ, పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం కూడా ఆయనకుంది. మీకది అక్కర్లేదు. 2001 చట్టం కింద ఏడుగురు సంతకాలు పెడితే సొసైటీ అయిపోతుంది, అందుకే అందరూ అటు పరుగెత్తుతారు. కానీ ఆ చట్టం కళలు, సంస్కృతి, సేవ, ప్రజా ప్రయోజనం లాంటి పనుల కోసం వచ్చింది. సభ్యుల మధ్య గొడవ వస్తే మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లాలి.

నా ఓటు మ్యాక్స్‌కే. ఉమ్మడి ఆస్తిని సభ్యులే నడుపుకోవడానికి సరిపోయే చట్టం అది. ప్రభుత్వ జోక్యం తక్కువ. సహకార పద్ధతిలో మనిషికి ఒకటే ఓటు, ఎన్ని ఫ్లాట్లున్నా సరే. మీ స్థల యజమాని చేతిలో ఇంకా ఎన్ని ఫ్లాట్లున్నాయో చూసుకోండి, ఆయన సొసైటీనే ముద్దంటే కారణం అక్కడ దొరకవచ్చు. అద్దెకు ఉన్నవారిని సమావేశాలకు పిలవండి, వారి మాట వినండి. ఓటు మాత్రం యజమానులకే.

సమాధానం (కూకట్‌పల్లి, తమ అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి):

పెద్దాయన చెప్పింది సరే. కానీ రిజిస్ట్రేషన్ కాగితాలకు ముందు ఇంకో పని చేయండి. ప్రతి ఫ్లాటు సేల్ డీడ్ నకలు తెప్పించి, షెడ్యూలులో రాసిన అవిభక్త స్థల వాటా, అదే యూడీఎస్, ఒక్కొక్కటిగా కూడండి. మొత్తం 2,400 గజాలు రావాలి. రాకపోతే ఆ మిగిలిన నేల ఇంకా ఎవరి పేరుమీదో ఉన్నట్టే. పైన అంతస్తు వేస్తానని బిల్డర్ ధీమాగా అంటున్నాడంటే, ఆ కొత్త ఫ్లాట్లకు రాసివ్వడానికి గజాలు దాచుకున్నాడేమోనని నా అనుమానం.

సమాధానం (ముంబైలో ఉంటున్న తెలుగు సభ్యురాలు):

మా దగ్గర పద్ధతి వేరండి. భవనం, స్థలం సొసైటీ పేరుకు బదిలీ అవుతాయి, మా చేతిలో ఉండేది షేర్ సర్టిఫికెట్. బిల్డర్ ఆ బదిలీ చేయకుండా నాన్చితే, అతని ప్రమేయం లేకుండానే బదిలీ చేయించుకునే 'డీమ్డ్ కన్వేయన్స్' కోసం సొసైటీయే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హైదరాబాదులో హౌసింగ్ సొసైటీ అనగానే జూబ్లీహిల్స్ తరహాలో స్థలం కొని ప్లాట్లు పంచే సంఘం గుర్తొస్తుంది, దానికీ మీ సమస్యకూ పోలిక లేదు. మీకు కావలసింది ఉమ్మడి భాగాలు సంఘం పేరుకు రావడం. అది లేకుండా ఎన్ని తీర్మానాలు రాసినా బిల్డర్ పట్టించుకోడు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. కూడి చూశాం. 54 డీడ్లు దొరికాయి, ఒక్కోదానిలో 38 గజాలు, మొత్తం 2,052. అంటే 348 గజాలు లేవు! గ్రూపులో పెద్ద దుమారం రేగింది.

సమాధానం (కూకట్‌పల్లి కార్యదర్శి):

కంగారు పడకండి. ఆ దొరకని ఆరూ స్థల యజమాని అమ్మకుండా ఉంచుకున్నవి కావా? వాటికి సేల్ డీడ్ ఉండదు, నేల మొదటి నుంచీ ఆయనదే కదా. డెవలప్‌మెంట్ ఒప్పందం, దాని వెంట రాసుకున్న పంపకాల ఒప్పందం చూడండి. ఆరు ముప్పై ఎనిమిదులు 228. అది తీసేస్తే తేడా 120 గజాలు. అడగాల్సింది ఆ 120 గురించే. కాగితం తేలేవరకు స్థలం సర్వే నంబరు మీద ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీస్తూ ఉండండి, కొత్త లావాదేవీ జరిగితే కనిపిస్తుంది.

సమాధానం (వృత్తిరీత్యా న్యాయవాది):

టెర్రస్ గురించి. రెరా చట్టం (2016) సెక్షన్ 2(ఎన్) ఉమ్మడి ప్రదేశాల జాబితాలో టెర్రస్‌లు, సెల్లార్లు, ఆరుబయటి పార్కింగ్ స్పష్టంగా ఉన్నాయి. ఆమోదించిన ప్లానును మార్చాలంటే సెక్షన్ 14(2) ప్రకారం ప్రమోటర్ (కట్టి అమ్మేవారు) కాక మిగిలిన కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒకే కుటుంబం పేర్ల మీద ఎన్ని ఫ్లాట్లున్నా లెక్కలో ఒక్కరే. స్థల యజమాని ఫ్లాట్లు అమ్మాడు కాబట్టి ఆయన్ని కూడా ప్రమోటర్‌గానే చూడాలని వాదించవచ్చు. డీడ్‌లోని వాక్యం రెరాకు విరుద్ధంగా ఉంటే చట్టానిదే పైచేయి, సెక్షన్ 89 అదే చెబుతుంది.

ఇక సెక్షన్ 17. స్థానిక చట్టం వేరే గడువు పెట్టకపోతే, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన మూడు నెలల్లో ఉమ్మడి ప్రదేశాల హక్కును సంఘానికి రాసివ్వాలి. మీకు ఏడాది దాటింది. గోడ బీటలు, స్లాబ్ లీకేజీ వంటివి ఉంటే ఇప్పుడే ఫొటోలతో సహా రాతపూర్వకంగా పంపండి. స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి అయిదేళ్లలోపు చూపిన నిర్మాణ లోపాలను ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.

సంఘం లేదు కాబట్టి ఫిర్యాదు చేయలేమని ఆగవద్దు. సెక్షన్ 31 కింద నష్టపోయిన ఎవరైనా రెరా అథారిటీకి వెళ్లవచ్చు. సంఘం ఏర్పడ్డాక అది కూడా వెళ్లవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

చివరిగా ఒక్కటి. కార్పస్ డబ్బు చేతికొచ్చేవరకు నెలనెలా మెయింటెనెన్స్ ఆపేద్దామని కొందరి పట్టు. ఆపవచ్చా?

సమాధానం (రిటైరైన ఆడిటర్):

వద్దు బాబూ. లిఫ్టు ఆగితే ఇబ్బంది బిల్డర్‌కు కాదు, అయిదో అంతస్తులో ఉండే ముసలివాళ్లకు. వసూలు మీ చేతికి తీసుకోండి. మ్యాక్స్ రిజిస్ట్రేషన్ కాగానే సంఘం పేరు మీద పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలు లేనిదే డబ్బు కదలని బ్యాంకు ఖాతా తెరవండి. ఉమ్మడి కరెంటు మీటరు, లిఫ్టు నిర్వహణ ఒప్పందం సంఘం పేరుకు మార్పించండి. నెలకు ఒక్కో ఫ్లాటుకు 7,500 దాటనంత వరకు జీఎస్టీ బెడద లేదు. ఎవరైనా కట్టకపోతే నీళ్లు మాత్రం ఆపకండి, తప్పు మీ మీదికే వస్తుంది. బైలాలో వడ్డీ నిబంధన పెట్టి, నోటీసు ఇచ్చి, సహకార ట్రిబ్యునల్‌కు వెళ్లండి.

బిల్డర్‌కు కార్పస్ లెక్క అడుగుతూ స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. వసూలైన మొత్తం, ఖాతా వివరాలు, వచ్చిన వడ్డీ, దానిలోంచి వాడింది ఉంటే బిల్లులు అడగండి. స్థల యజమాని తన ఆరు ఫ్లాట్లకు కార్పస్ కట్టాడా లేదా అన్నది కూడా ఆ ఉత్తరంలోనే అడిగేయండి.