అప్‌డేట్: ప్రశ్నావళి పక్కన పెట్టి బడిలో కూర్చున్నాను

ఎం.ఎడ్. డిసర్టేషన్‌కి ప్రశ్నావళి పంచితే చాలా, బడిలో కూర్చుని గమనించాలా అని రెండు నెలల క్రితం అడిగాను కదా. కూర్చోమన్నవాళ్ల మాటే విన్నాను. మొదటి వారం పిల్లలు నన్ను ఇన్‌స్పెక్షన్ మేడమ్ అనుకుని ఒకటే నమస్కారాలు. నోట్స్‌లో పనికొచ్చేది ఏమీ లేదు. పదో రోజు మధ్యాహ్న భోజనం వరుసలో నిలబడ్డాను. క్లాసులో నోరు విప్పని నాలుగో తరగతి పిల్ల, ఎన్ని గుడ్లు తక్కువొచ్చాయో వంటావిడకి చకచకా లెక్క చెప్పింది. "లెక్కల్లో వీక్" అని టీచర్ చెప్పిన పిల్లే! ప్రశ్నావళిలో ఇది ఏ గడిలో పడుతుంది?

1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెడితే సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారు రాంపుర అనే పల్లెలో ఉండి, గమనించి రాసుకున్న నోట్స్ కాలిపోయాయని మీలో ఒకరు చెప్పారు. అప్పటి నుంచి ఏ రోజు నోట్స్ ఆ రాత్రే టైప్ చేసి రెండు చోట్ల దాస్తున్నాను. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు సగం ఇంకా రాలేదు. ఇప్పుడు టెన్షన్ అదొక్కటే.