మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మ కింతాయ్‌క్యో వంతెన దాటగలదా?

అందరికీ నమస్కారం. ఏప్రిల్ మొదటి వారంలో అమ్మతో హిరోషిమా వెళ్తున్నాం. అక్కడి నుంచి రైల్లో ఇవాకుని వెళ్లి, నిషికి నది మీది కింతాయ్‌క్యో చూపించాలని నా కోరిక. 1673లో కట్టిన చెక్క వంతెన, వరుసగా ఐదు కమాన్లు. 1950 వరదలో కొట్టుకుపోతే 1953లో మళ్లీ చెక్కతోనే నిలబెట్టారట, అది చదివినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది.

నా టెన్షన్ ఒక్కటే. మధ్య మూడు కమాన్లు బాగా ఎత్తుగా, మెట్లతో ఉంటాయి. అమ్మకు 68 ఏళ్లు, మెట్లు దిగేటప్పుడే నొప్పి ఎక్కువ. పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లున్నారా? చేత్తో పట్టుకుని దిగడానికి రెయిలింగ్ అనువుగా ఉంటుందా? వాన పడితే చెక్క జారుతుందా? దాటలేకపోతే, ఒడ్డున కూర్చుని చెర్రీ పూలతో పాటు వంతెన మొత్తం కనిపించే చోటేదో దయచేసి చెప్పండి.