చెరువు చేప రుచా, సముద్రపు చేప రుచా?

గోదారి_అబ్బాయి:
మొన్న మా బావమరిది వైజాగ్ నుంచి వస్తూ ఐసుపెట్టెలో వంజరం అనే సముద్రపు చేప తెచ్చాడు. ఇంట్లో అందరూ లొట్టలేసుకుంటూ వేపుడు తిన్నారు. నాకు మాత్రం కారం, అల్లం వెల్లుల్లి తప్ప ఇంకేం తెలియలేదు. పులుసుకి మంచినీటి చేపే సరి. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, వంజరం తినమని ఎవరైనా అన్నారా?

వాల్తేరు_వాసి:
పులసని సాక్ష్యానికి పిలవకండి బాబూ, అది మా వైపు మనిషి! తిని బలిసేదంతా సముద్రంలోనే. గుడ్లు పెట్టడానికి వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వస్తుంది, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. ఆ కొవ్వు ఉప్పునీటిలో పట్టిందే. మీ సొంత సరుకు, చెరువు చేప బొచ్చె గురించి చెప్పండి. ఉప్పు, పసుపు, నిమ్మకాయ వేసి మూడుసార్లు కడిగినా మట్టి వాసన పోదు.

గోదారి_అబ్బాయి:
సముద్రంలో దొరికితే దాన్ని విలస అంటారు. యానాం దగ్గర ఏట్లో దొరికితేనే పులస. రెండూ పక్కపక్కన వండి చూడండి, ధరలో అంత తేడా ఊరికే రాలేదు. మట్టిదాకలో బెండకాయలు వేసి పెట్టిన పులుసు మర్నాడు తింటే మాట్లాడరు మీరు.

కరీంనగర్_పోరడు:
కొర్రమీను మాటే ఎత్తరేంది అన్నా? తెలంగాణ రాష్ట్ర చేప అది. నీళ్ల తొట్టిలో బతికున్నదాన్నే కొంటం. జిగురు పోయేదాకా బూడిదేసి బండకు రుద్దుడే కష్టం. ముల్లు తక్కువ, పిల్లలు గూడ తింటరు. సముద్రపు చేప మా దాకా వచ్చేసరికి ఐసులనే ముసలిదైతది.

భీమవరం_చెరువుగట్టు:
నేను చెరువుల పనిలో ఉన్నాను, ఇద్దరికీ చెరో మొట్టికాయ. మట్టి వాసన చేప తప్పు కాదు, నీళ్ల తప్పు. నీటిలోని కొన్ని రకాల నాచు, బాక్టీరియా జియోస్మిన్ అనే పదార్థం తయారుచేస్తాయి. అది మొప్పల గుండా వెళ్లి కొవ్వులో చేరుతుంది. పట్టే ముందు కొన్ని రోజులు శుభ్రమైన నీళ్లలో ఉంచితే చాలావరకు పోతుంది. చింతపండు పులుపూ దాన్ని తగ్గిస్తుంది. మన అమ్మమ్మలు చెరువు చేపని పులుసులోనే ఎందుకు వేశారనుకున్నారు?

ఇక సముద్రపు జీవాలు. ఉప్పుని తట్టుకోవడానికి వీటిలో చాలా వాటి కండలో గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. ఆ తియ్యదనం రొయ్యలో బాగా తెలుస్తుంది: వెనామీ రకం రొయ్యే, ఉప్పు ఎక్కువున్న చెరువులో పెరిగితే రుచే వేరు. నీచు వాసన మాత్రం చచ్చాక బాక్టీరియా పుట్టించేది. రేవులో దిగిన గంటకే తిన్నవాడికి అది తెలియనే తెలియదు. అబ్బాయిగారి వంజరం ఐసులో ఎన్నాళ్లుందో ముందు కనుక్కోండి.

గోదారి_అబ్బాయి:
కనుక్కున్నా. నాలుగు రోజులట. అయినా పులుసు విషయంలో నా మాట మార్చను.

వాల్తేరు_వాసి:
సరే, ఆగస్టులో రేవు నుంచి తిన్నగా వంజరం పట్టుకుని మీ ఊరు వస్తా. పులస మీరు కొనండి.

గోదారి_అబ్బాయి:
రండి. పులస డబ్బులు మాత్రం చెరి సగం.