దీపావళి వేడుక, పిల్లల ఆటల గది: 1220 నాటి ఫ్రైబుర్గ్, అదే ఏటి ఓరుగల్లు

సమన్వయకర్త

అందరికీ నమస్కారం. దీపావళి వేడుకకు నవంబరులో జర్మనీలోని మన ఫ్రైబుర్గ్‌లోనే హాలు దొరికింది. పెద్దల సాంస్కృతిక కార్యక్రమం సాగే మూడు గంటలూ పదమూడేళ్లు దాటిన పిల్లలు వెనక గదిలో ఫోన్లు చూసుకుంటూ కూర్చోకుండా, పోయినేడు మొదలుపెట్టిన పాచికల కథల ఆటను (ఒకరు కథ నడుపుతుంటే మిగతావారు తలా ఒక పాత్రగా, పాచికలు వేస్తూ ఆడేదాన్ని) ఈసారి పద్ధతిగా నడపాలని కార్యవర్గం అనుకుంది. ఏ లోకంలో ఆడించాలన్నది ఈ వారంలో తేల్చుకుంటే మిగిలిన పనులు పంచుకోవచ్చు. ఆటల బల్ల చూసే అక్కగారు ముందుగా తమ ఆలోచన రాయగలరు.

ఆటల బల్ల

నమస్కారం అన్నగారూ. పోయినేడు జరిగిన పొరపాటు నాదే. ఏడు రాజ్యాలు, మూడు చందమామలు, నాలుగు జాతుల పగలు అంటూ ఒక లోకాన్ని సొంతంగా కల్పించి, దాన్ని పిల్లలకు వివరించడానికే నలభై నిమిషాలు తీసుకున్నాను. మొదటి పాచిక పడేలోపే ఇద్దరు బిర్యానీ వరుసలో చేరిపోయారు. అందుకే ఈసారి లోకాన్ని కల్పించవద్దనీ, పిల్లలకు ముందే తెలిసిన నేలమీద కథ నడపాలనీ నా ప్రతిపాదన.

ఈ పనికి బాగా ఒదిగే ఆట ఆర్స్ మాజికా. 1987లో అమెరికాలో వెలువడిన ఈ ఆటలో కథాస్థలం 13వ శతాబ్దపు ఐరోపాయే. పటం మారదు, రాజులు మారరు, యుద్ధాలు మారవు. ఆట మామూలుగా మొదలయ్యే ఏడు 1220. కాన్‌స్టాంటినోపుల్ నగరం క్రూసేడర్ల, అంటే ఐరోపా క్రైస్తవ మతయుద్ధ సైనికుల, చేతికి చిక్కి అప్పటికి పదహారేళ్లయింది. ఆ నవంబరు 22న రోములో రెండవ ఫ్రెడరిక్‌కు పవిత్ర రోమన్ చక్రవర్తిగా పట్టాభిషేకం జరిగింది. ఆట చేర్చినదల్లా ఒక్కటే: ఆ కాలపు జనం నిజమని నమ్మినవన్నీ ఇక్కడ నిజంగానే ఉంటాయి. దయ్యం ఉందని ఊరు నమ్మితే ఉన్నట్టే.

ఇందులో నాకు ఎక్కువగా నచ్చేది ఆ చేర్పు చరిత్రతో ఎక్కడా పేచీ పెట్టుకోకపోవడం. మంత్రవేత్తలే ఉంటే చరిత్రలో వారి ఊసెందుకు లేదని మన పిల్లల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆట దానికి రెండు జవాబులు సిద్ధంగా ఉంచింది. మొదటిది, వారి సంఘపు కట్టుబాటు: మంత్రవేత్త రాజుల కొలువులో చేరకూడదు, లోకుల వ్యవహారాల్లో తలదూర్చి తోటివారి మీదికి ముప్పు తేకూడదు. రెండోది నేలకు సంబంధించినది, నా లెక్కలో ఆట మొత్తానికి ఇదే ఇరుసు. ప్రార్థన జరిగే చోట, జనం కిక్కిరిసిన పట్టణంలో, దైవశక్తి ఆవరించి ఉంటుంది కాబట్టి అక్కడ మంత్రం బాగా బలహీనపడుతుంది. అడవి లోపలి చెరువు దగ్గరో మనిషి అడుగుపెట్టని కొండమీదో అదే మంత్రం బలపడుతుంది. అందువల్ల మంత్రవేత్తలు తమంతట తామే ఊళ్లకు దూరంగా బతుకుతారు, ఊళ్లు పెరిగేకొద్దీ వారికి చోటు తగ్గిపోతుంది. ఈ ఒక్క నియమం చెప్పి పటం చేతికిస్తే, ఎక్కడ ఏం జరగవచ్చో పిల్లలే చూపిస్తారు.

ఇంకో దారి కూడా ఉంది. 1983లో వచ్చిన వార్‌హామర్ అనే ఆట ఐరోపా పటాన్నే కొద్దిగా వంచి, జర్మన్ సామ్రాజ్యానికీ ఫ్రాన్సుకూ వేరే పేర్లు పెట్టింది. చరిత్ర తప్పిందని వేలెత్తి చూపే వీలు లేకపోవడం అందులోని సుఖం. కాని మన పిల్లలు రోజూ ట్రామెక్కే ఊరికి మారుపేరు పెట్టి ఆడించడం పెరట్లో బావి పెట్టుకుని నీళ్లు కొనుక్కున్నట్టుంటుంది. పైగా ఆర్స్ మాజికా కథ ప్రకారం మంత్రవేత్తల సంఘం 767లో ఏర్పడింది మన ష్వార్ట్స్‌వాల్డ్ అడవిలోనే, డ్యూరెన్‌మార్ అనే కల్పిత స్థలంలో.

కథ ఇదీ. ఫ్రైబుర్గ్‌ను 1120లో నెలకొల్పిన ట్సేరింగెన్ వంశం 1218లో వారసుడు లేక అంతరించింది. ఊరు ఉరాఖ్ ప్రభువుల చేతికి వచ్చి రెండేళ్లే అయింది. కొండల్లో వెండి గనులున్నాయి. ఊరి నడుమ పెద్ద చర్చి లేస్తోంది, అంటే దైవశక్తి వలయం ఏటేటా కొంచెం విస్తరిస్తోంది. గని తవ్వేవాళ్లు కొట్టిన ఒక సొరంగం మంత్రవేత్తల పాత నేలమాళిగలోకి తెరుచుకుంటే ఏమవుతుంది? పిల్లలు ఒకవైపు ప్రభువు మనుషులను, మరోవైపు తరిగిపోతున్న తమ నేలను చూసుకుంటూ దారి వెతకాలి.

పటాల పని

అక్కా, పటం నేను గీస్తాను, కాని ఒక విషయం ముందే చెప్పాలి. చర్చి గోపురాన్ని గీయకూడదు. మనం రోజూ చూసే 116 మీటర్ల గోపురం 1330 ప్రాంతంలో పూర్తయింది. 1200 ప్రాంతంలో మొదలైన కట్టడం కాబట్టి మన కథ నాటికి అక్కడ ఉండేవి లేస్తున్న గోడలూ పరంజాలూ రాళ్ల గుట్టలే. మార్టిన్స్‌టోర్ ద్వారాన్ని ఉంచుతాను. ష్వాబెన్‌టోర్ 1250 ప్రాంతానిది కనుక తీసేస్తున్నాను. పిల్లలు బస్సు దిగే చోట ద్వారం లేకపోవడమే వారికి మొదటి ఆశ్చర్యం కావాలి.

దూరాలు కిలోమీటర్లలో కాక నడక రోజుల్లో రాస్తాను. ముమ్మెల్‌సే చెరువుకు మనం కారులో ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి తిరిగివస్తాం. అప్పట్లో అడవి దారిన అది మూడు నాలుగు రోజుల ప్రయాణం. ఆ చెరువు అడుగున జలకన్యలు, వారికొక రాజు ఉన్నారని ఇక్కడివారు చెప్పుకునే కథ ఎలాగూ ఉంది కాబట్టి మంత్రం బలపడే చోటుగా దాన్నే తీసుకోవచ్చు.

తల్లిదండ్రుల తరఫున

అందరికీ నమస్కారం. ఆలోచన బాగుంది. నాకు రెండు సందేహాలున్నాయి. మొదటిది, పిల్లల జర్మన్ స్నేహితులు కూడా వస్తున్నారు కాబట్టి చర్చిలో మంత్రం బలహీనపడుతుందన్న నియమం వారి తల్లిదండ్రులకు ఎబ్బెట్టుగా తోచదు కదా? రెండోది, దీపావళినాడు మన పిల్లలు పూర్తిగా ఐరోపా కథే ఆడి ఇంటికి వస్తే పెద్దవాళ్లు ఏమంటారో తమకు తెలియనిది కాదు. మనదైన బల్ల ఒకటి ఉంటే బాగుంటుంది. అయితే అందులో మనం పూజించే దేవుళ్లు ఆటబొమ్మలు కాకూడదు.

ఆటల బల్ల

వదినగారూ, మొదటిదానికి ఇబ్బంది ఉండదనుకుంటాను. ఆ నియమం భక్తిని తక్కువ చేయడం లేదు, మంత్రం కంటే మీదే నిలబెడుతోంది.

రెండో సందేహం గురించి రెండు రోజులు ఆలోచించాను. 1220లో ఓరుగల్లును ఏలుతున్నది గణపతిదేవుడు, 1199 నుంచి 1262 వరకు ఆయనదే రాజ్యం. రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 1213 నాటిది, అంటే మన కథ నాటికి ఏడేళ్ల కొత్త గుడి. ఒకే ఏడు, రెండు ఊళ్లు, రెండు బల్లలు. ఇంతకంటే మంచి జత నాకు తోచలేదు.

అయితే ఐరోపా బల్ల మీది నియమాన్ని ఎత్తి ఓరుగల్లు బల్ల మీద పెడితే మాత్రం ఆట అబద్ధమైపోతుంది. గుడికీ మంత్రానికీ పడదన్నది ఐరోపా బల్ల మీది నమ్మకం. మన కథల్లో సిద్ధుడు శక్తి సంపాదించుకునేదే ఉపాసన వల్ల. అందువల్ల ఇక్కడ నియమం మనవాళ్లు నమ్మినదాంట్లోంచే రావాలి. ఓరుగల్లు పుట్టుకకే ఒక కథ ఉంది: దారిన పోతున్న బండి ఇనుపకమ్మి నేలలోని పరుసవేది లింగానికి తగిలి బంగారమైందనీ, రాజు అక్కడే గుడి కట్టించాడనీ చెబుతారు. గుప్తనిధి మీద పడగెత్తి కూర్చున్న నాగు, నిధి జాడ చెప్పే అంజనం కూడా మనకు కొత్తవి కావు. కాబట్టి ఈ బల్ల నియమం ఇలా ఉండవచ్చు: శక్తి చోటును బట్టి కాక పాత్ర తీసుకున్న వ్రతాన్ని బట్టి వస్తుంది, అత్యాశతో వ్రతం తప్పితే పోతుంది. దేవుళ్లు పాత్రలుగా కనిపించరు, పాచికలకు లొంగరు. గుడిలో అందరికీ అభయం ఉంటుంది.

ఆ శతాబ్దం చివర మార్కో పోలో ముత్ఫిలి గురించి, అంటే మన మోటుపల్లి రేవు ప్రాంతం గురించి, రాసినది కూడా వాడుకుందాం. పాములు నిండిన లోయల్లోకి మాంసపు ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను తెల్ల గద్దలు పైకి మోసుకొస్తాయని ఆయన రాశాడు. వజ్రాలు నిజం, రేవు నిజం, గద్దలు కథ. అదే రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం మరోలాంటిది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు లాక్కునేవారనీ, తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో చెప్పించాడు. 1220లో ఆ అభయం ఇంకా లేదు. కనుక ఓడ మునిగిన వర్తకుడి కష్టంతో కథ మొదలుపెడితే పిల్లలకు సమస్య ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఆడే పద్ధతి రెండు బల్లలకూ ఒకటే. పది ముఖాల పాచిక వేస్తాం, సున్నా పడితే మంత్రం బెడిసికొట్టవచ్చు. ఆర్స్ మాజికాలో మంత్రం ఒక క్రియ, ఒక నామం కలిపిన లాటిన్ జంట: క్రియో ఇగ్నెమ్ అంటే నిప్పును పుట్టిస్తున్నానని. పోయినవారం మా అబ్బాయికి దీన్ని చూపిస్తే, బడిలో లాటిన్ చదువుతున్నవాడు కాబట్టి, ‘ఇగ్నెమ్ అంటే మన అగ్నే కదమ్మా’ అన్నాడు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలే. ఓరుగల్లు బల్ల మీద ఆ జంటలను తెలుగులో మేమిద్దరం రాస్తున్నాం.

ఇంకో సౌకర్యం ఉంది. ఈ ఆటలో కాపలా భటుల పాత్రలు అందరికీ ఉమ్మడి. మన కుటుంబాల్లో సమయానికి వచ్చేవారెందరో మనకు తెలుసు కాబట్టి, ఆలస్యంగా వచ్చిన పిల్లవాడి చేతిలో ఒక భటుణ్ణి పెట్టి కూర్చోబెట్టవచ్చు.

భోజనాల బృందం

ఓరుగల్లు బల్ల మీద విందు ఘట్టం ఉంటే అందులో మిరపకాయ పెట్టకండి, అది పోర్చుగీసువారి తరువాతే మనకు వచ్చింది. ఆనాటి కారమంతా మిరియాలదే. పిల్లలకు రుచి చూపడానికి మిరియాల చారు ఒక గిన్నె అదనంగా కాచి పంపుతాం.

సమన్వయకర్త

రెండు బల్లలు ఖాయం, బల్లకు ఆరుగురు పిల్లలు. ఫ్రైబుర్గ్ పటం రెండు వారాల్లో, మోటుపల్లి నుంచి ఓరుగల్లు దాకా దారి పటం ఆ తరువాతి వారంలో కావాలి. పాచికలు పన్నెండు నేను కొంటాను. నియమాలు బల్లకొక పేజీ మించకూడదని అక్కగారికి మనవి. ఓరుగల్లు నియమాల పేజీని అచ్చుకు ముందు వదినగారు ఒకసారి చదివి చెప్పాలి. బిర్యానీ వడ్డన మొదలయ్యే పది నిమిషాల ముందు భోజనాల బృందం వెనక గదికి కబురు పంపితే, కథను సరైన చోట ఆపి పిల్లలను వరుసలోకి పంపుతాం.