మూడో అంతస్తు, ఒకటే తలుపు, ఇద్దరు పిల్లలు, వినపడని పెద్దావిడ: నిప్పంటుకుంటే బయటపడేదెలా?

మూడోఅంతస్తు:

మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. రెండు పడకగదులు, హాలు, వంటగది, దాని వెనక చిన్న బాల్కనీ. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, 72 ఏళ్ల మా అత్తగారు. ఆవిడకు వినికిడి తక్కువ. రాత్రి చెవి మిషన్ తీసి పడుకుంటారు.

2 కేజీల ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ కొని వంటగదిలో స్టవ్ పక్క గోడకు తగిలించాం. అత్యవసర నంబర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించాం. ఇంకేం చేయాలి? స్మోక్ అలారాలు ఎన్ని కావాలి, ఎక్కడ పెట్టాలి? కిటికీలన్నిటికీ గ్రిల్స్ ఉన్నాయి, బయటికి దారి ముందు తలుపొక్కటే. పిల్లలకు ఎంతవరకు చెప్పాలో కూడా తెలియడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఎర్రబకెట్:

ముందు ఆ ఎక్స్‌టింగ్విషర్‌ను స్టవ్ పక్కనుంచి తీసేయండి. మంట లేచేది అక్కడే కాబట్టి దాన్ని అందుకోవాలంటే మంట మీదుగా చెయ్యి చాపాల్సి వస్తుంది. వంటగది గుమ్మం బయట, ముందు తలుపుకు వెళ్లే వైపు, పెద్దవాళ్ల ఛాతీ ఎత్తులో తగిలించండి. బీరువా వెనకో, కర్టెన్ చాటునో వద్దు.

2 కేజీల సిలిండర్ పనిచేసేది పది సెకన్లు, అటూ ఇటుగా. అంతసేపే ఉంటుందని తెలిస్తే దాన్ని నమ్ముకుని మంట దగ్గర నిలబడిపోరు. పిన్ను లాగాలి, సుమారు రెండు మీటర్ల దూరంలో నిలబడి గొట్టాన్ని మంట మొదట్లోకి చూపించాలి, మీట నొక్కాలి, చీపురుతో ఊడ్చినట్టు ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పాలి. పైకి లేచే నాలుకల మీద కొడితే పౌడరంతా గాల్లో కలిసిపోతుంది, కింద మండేది మండుతూనే ఉంటుంది. ఎటు తిరిగినా మీ వెనకవైపు తలుపుండాలి. మంట చెత్తబుట్ట సైజు దాటినా, పొగ తల ఎత్తుకు దిగినా ఇక ఆర్పే ప్రయత్నం వద్దు, బయటికి నడవండి.

పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి కూడా నొక్కకండి. కొద్దిగా వదిలినా వాల్వ్ అంచుల్లో పౌడర్ చిక్కుకుంటుంది, వాల్వ్ సరిగా మూసుకోదు, లోపలి ఒత్తిడి మెల్లగా జారిపోయి కొన్ని రోజుల్లో ఒత్తిడి చూపే మీటర్ ముల్లు ఎరుపులోకి వస్తుంది. నెలకోసారి ముల్లు ఆకుపచ్చలో ఉందా, పిన్ను సీలు తెగలేదు కదా, గొట్టంలో పురుగులు గూడు పెట్టలేదు కదా అని చూస్తే చాలు.

నూనె బాణలి అంటుకుంటే మాత్రం ఎక్స్‌టింగ్విషర్ కంటే మూత మేలు. పౌడర్ జోరుకు మండే నూనె చిందుతుంది. పౌడర్ నూనెను చల్లార్చదు కాబట్టి ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటుంది. చెయ్యి అందితే ముందు స్టవ్ ఆపండి. బాణలి కంటే పెద్ద మూతనో పళ్లేన్నో మీ వైపు అంచునుంచి ముందుకు జరుపుతూ కప్పండి. పైనుంచి పడేయకండి. కప్పాక పూర్తిగా చల్లారేదాకా ఎత్తి చూడొద్దు, వేడి నూనెకు గాలి తగిలితే మళ్లీ భగ్గుమంటుంది. బాణలిని ఎత్తుకుని సింకు దగ్గరకు పరిగెత్తొద్దు. నీళ్లు అసలు పోయొద్దు: లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్లవుతాయి. నూనె అడుగుకు దిగిన నీళ్లు ఒక్కసారిగా అలా ఉబ్బి, మండే నూనెను పైకప్పుదాకా చిమ్ముతాయి. ఓ పెద్ద మూతను వంటగదిలోనే, మంట మీదుగా చెయ్యి చాపకుండా అందే చోట తగిలించండి.

మెట్లదారి:

ఎర్రబకెట్ గారు చెప్పిందంతా మనిషి మెలకువగా ఉన్నప్పటి సంగతి. నిద్రలో ఉన్నప్పుడు మనిషిని పడగొట్టేది ముందు పొగ. పొగ వాసనకు మెలకువ వస్తుందని చాలామంది ధీమాగా ఉంటారు, అది నమ్మదగ్గది కాదు. అందుకే అలారం.

మీ ఇంటికి మూడు కావాలి: పడకగదికొకటి, గదులకు వంటగదికి మధ్య హాల్లో ఒకటి. ఒకటి మోగితే మూడూ మోగేలా ఒకదానికొకటి కలిసి ఉండే రకం కొనండి. హాల్లో మొదలైన పొగ మీ మూసిన గదిలోకి చేరేదాకా ఆగాల్సిన పని ఉండదు. ఫొటోఎలక్ట్రిక్ (లోపలి వెలుతురుతో పొగను పట్టే) రకమైతే పరుపు, సోఫా లాంటివి మంట లేకుండా రాజుకునే పొగను త్వరగా పసిగడుతుంది, వంట పొగకు ఊరికే మోగడం కూడా తక్కువ. వంటగదిలో స్మోక్ అలారం వద్దు. స్టవ్‌కు కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. వంటగదిలో కావాలనుకుంటే వేడికి మోగే హీట్ అలారం ఉంటుంది, అది పెట్టుకోండి.

సీలింగ్ మధ్యలో బిగిస్తే మంచిది. గోడకే పెట్టాల్సి వస్తే సీలింగ్‌కు 10 నుంచి 30 సెంటీమీటర్ల కిందుగా పెట్టాలి. గోడ, సీలింగ్ కలిసే మూలలో గాలి కదలదు, పొగ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోటు, బాత్రూం ఆవిరి వచ్చే గుమ్మం పైన కూడా వద్దు. నెలకోసారి బటన్ నొక్కి చూడాలి. నిమిషానికోసారి కిచ్‌మంటుంటే బ్యాటరీ అయిపోతున్నట్టు. వెనకవైపు తయారీ తేదీ ఉంటుంది, దాన్నుంచి పదేళ్లకు అలారాన్నే మార్చేయాలి. బటన్ నొక్కితే మోగుతుంది కదా అని ఉంచేస్తుంటారు. బటన్ చెప్పేది ముఖ్యంగా బ్యాటరీ, మోత సంగతి. లోపల పొగను పట్టే భాగం దుమ్ముపట్టి మొద్దుబారిపోయి ఉండొచ్చు.

ఇక మీ అత్తగారి విషయం, అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. మామూలు అలారం కూత దాదాపు 3,000 హెర్ట్జ్ ఉంటుంది. వయసుతో పాటు ముందు తగ్గేది సరిగ్గా అలాంటి సన్నని కీచు శబ్దాల వినికిడే. ఆవిడ మనతో బాగానే మాట్లాడుతున్నా నిద్రలో ఆ కూత చెవికెక్కకపోవచ్చు. 520 హెర్ట్జ్ బొంగురు మోత ఇచ్చే అలారాలు వేరే ఉన్నాయి, వినికిడి తగ్గినవాళ్లకు వాటికి మెలకువ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. దిండు కింద పెట్టే వైబ్రేటర్ జతచేసే రకాలు కూడా దొరుకుతాయి. ఆవిడ మిషన్ తీసి పడుకుంటారు కాబట్టి వైబ్రేటర్ ఉన్నదే తీసుకోండి. పగలు ఆవిడ పడుకుని ఉన్నప్పుడు, ముందే చెప్పి, ఓసారి మోగించి చూడండి. కొంటే సరిపోదు, ఆవిడకు తెలియాలి.

చిన్నపిల్లలు కూడా ఆ కీచు మోతకు లేవకుండా నిద్రపోతూనే ఉండటం మామూలే. అలారం మోగగానే బాబును ఎత్తుకునేదెవరు, అత్తగారిని లేపేదెవరు అన్నది ఇవాళే తేల్చుకోండి.

గడపదాటి:

ఒకటే దారి అన్నారు కదా, దాని గురించి రాస్తాను. రెండో దారి లేని ఇంట్లో రెండో ఏర్పాటు "ఆగే గది". ముందు తలుపువైపు వెళ్లలేకపోతే అందరూ చేరే గది ఒకటి ముందే అనుకోవాలి. రోడ్డువైపు కిటికీ ఉన్న పడకగది అందుకు సరైనది. వెనక బాల్కనీ పనికిరాదు, దానికి వంటగదిలోంచే వెళ్లాలి.

ఆ గదిలోకి వెళ్లాక తలుపు మూసి, కింది సందులో తడి బట్ట కుక్కాలి. కిటికీ తెరిచి లైటో, తెల్లటి బట్టో ఊపుతూ ఫోన్లో మేము ఫలానా గదిలో ఉన్నాం అని చెప్పాలి. కిటికీలోంచి బయటి పొగ వస్తుంటే మూసేయాలి. మూసిన మామూలు చెక్క తలుపు కూడా పొగను, వేడిని చాలా నిమిషాలు ఆపుతుంది. అందుకే రాత్రి పడకగది తలుపులు మూసుకుని పడుకోమంటారు. అలారాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే పిల్లల గది తలుపు మూసినా ఇబ్బంది లేదు.

ఆ గది గ్రిల్‌లో ఒక పలకను లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియతో కట్టించండి. నాలుగేళ్ల బాబు చేతికి అందని ఎత్తులో ఉండాలి గడియ. అది దూకడానికి కాదు, నిచ్చెన వేసుకుని వచ్చినవాళ్లు మిమ్మల్ని దించడానికి.

బయటికి వెళ్లేటప్పుడు తలుపును అరచేతితో కాదు, చేతి వెనకవైపుతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవొద్దు. పొగలో మోకాళ్ల మీద పాకాలి, నేలకు దగ్గరగా గాలి కాస్త నయం. లిఫ్టు వద్దు: కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది, ఆ గొయ్యిలోంచి పొగ పైకి లాగుతుంది. మెట్ల మీద కిందినుంచి పొగ వస్తుంటే దాంట్లోకి దిగొద్దు, వెనక్కొచ్చి ఆ గదిలోకే. వెళ్తూ వెళ్తూ ముందు తలుపు మూసేయండి, తాళం వేయొద్దు. కింద కలుసుకునే చోటు ఒకటి అనుకోండి, గేటు బయట స్తంభమో చెట్టో. అక్కడ లెక్క చూసుకోవాలి. ఒకరు తగ్గినా లోపలికి తిరిగి వెళ్లకూడదు, వచ్చినవాళ్లకు ఏ గదో చెప్పాలి.

పిల్లల సంగతి: భయపడ్డ పిల్లలు మంచం కిందా, బీరువాలో దాక్కుంటారు. మీరు నేర్పాల్సిన మొదటి ముక్క "దాక్కోవద్దు, పిలిస్తే పలకాలి" అని. ముఖానికి మాస్కు, వీపున సిలిండర్ పెట్టుకున్న ఫైర్ సిబ్బంది ఫోటో ముందే చూపించండి. లేకపోతే పొగలో ఆ ఆకారాన్ని చూసి ఇంకా లోపలికి పోతారు. బట్టలంటుకుంటే పరిగెత్తకుండా ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. బాబు చేత దాన్ని ఆటలాగే చేయించండి. పాపకు ఇంటి అడ్రసు, అంతస్తు, మీ ఫోన్ నంబరు నోటికి రావాలి. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకసారి రాత్రి లైట్లార్పి, అందరూ కలిసి కిందికి దిగి చూడండి. గడియారం పెట్టుకోండి. రెండు నిమిషాల్లో ఇంటి గడప దాటగలగాలి. అత్తగారు మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

మూడోఅంతస్తు:

చాలా థాంక్సండీ. రాత్రి ముందు తలుపు లోపల తాళం వేసి, చెవి మా గదిలో పెట్టుకుంటాం. అది తప్పేనా? ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పైకి తెచ్చి రాత్రంతా హాల్లో తలుపు పక్కనే చార్జింగ్ పెడతాం. గ్యాస్ లీకయితే మోగే డిటెక్టర్ కూడా కొనాలా, స్మోక్ అలారంతో పాటు సీలింగ్‌కే పెట్టొచ్చా?

ఎర్రబకెట్:

ఆ బ్యాటరీని ఇవాళే అక్కణ్నుంచి తీసేయండి. లిథియం బ్యాటరీలో ఒక సెల్ చెడి వేడెక్కితే పక్క సెల్‌ను అంటిస్తుంది, అది ఇంకోదాన్ని. క్షణాల్లో జోరుగా మంట, విషపు పొగ. మీ పౌడర్‌తో పైమంట తగ్గినా లోపలి వేడి తగ్గదు, మళ్లీ రాజుకుంటుంది. అది మీకున్న ఒక్క దారిలో ఉంది. మెలకువగా ఉన్నప్పుడే, దానితో వచ్చిన చార్జర్‌తోనే, పరుపులకు, బట్టలకు దూరంగా పెట్టండి. వీలైతే కిందే, మెట్లకు దూరంగా. ఉబ్బినా, కిందపడి నొక్కుకున్నా, నీట మునిగినా ఇక ఇంట్లోకి తేవొద్దు.

డిటెక్టర్ ఎక్కడ పెట్టాలన్నది గ్యాస్‌ను బట్టి. సిలిండర్ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, నేలమీద పాకుతుంది, కాబట్టి నేలకు 30 సెంటీమీటర్ల లోపు. పైపులో వచ్చే సహజవాయువు తేలిక, దానికి సీలింగ్ దగ్గర. తారుమారు చేస్తే చాలా ఆలస్యంగా మోగుతుంది. వాసన వస్తే రెగ్యులేటర్ మూసి, కిటికీలు తలుపులు తెరిచి, అందరూ బయటికి. స్విచ్ వేయొద్దు, ఆపొద్దు కూడా. రెండిటికీ నిప్పురవ్వ వస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యానూ అంతే. ఫోన్ బయటికెళ్లాకే. లీకు ఎక్కడో చూడాలంటే సబ్బు నురగ రాసి బుడగలు చూడండి, అగ్గిపుల్ల ఎప్పుడూ వద్దు.

గడపదాటి:

తాళం విషయం: లోపలినుంచి చెవి లేకుండా తిరిగే నాబ్ ఉన్న తాళానికి మారండి. అప్పటిదాకా చెవి తలుపు పక్కనే మేకుకి, పాపకు అందేలా, బయటివాళ్లకు కిటికీలోంచి అందకుండా. చీకట్లో తడిమి తీసుకోగలగాలి, రోజూ అదే మేకు.

ఫ్రిజ్ మీది నంబర్లు ముందు తలుపు లోపలివైపు కూడా అంటించండి, ఫోన్లలోనూ పెట్టుకోండి. ఫోన్ చేసేటప్పుడు ముందు అడ్రసు చెప్పండి, లైను తెగినా బండి బయల్దేరుతుంది. తర్వాత గుర్తు, అంతస్తు, ఏం మండుతోంది, లోపల ఎంతమంది, నడవలేనివాళ్లున్నారా. వాళ్లు పెట్టేయమనేదాకా పెట్టొద్దు. ఒకరు గేటు దగ్గర నిలబడి దారి చూపాలి. గేటు ముందు అడ్డంగా పెట్టిన కార్లు, మెట్ల మీది పాత సామాన్ల గురించి మీ అపార్ట్‌మెంట్ సంఘంలో ఇప్పుడే మాట్లాడండి, మీ దగ్గరి ఫైర్ స్టేషన్‌కు ఉత్తరం రాసి ఓసారి వచ్చి చూడమని అడగండి. పెద్ద బండి లోపలికి తిరుగుతుందా, ఏ కిటికీకి నిచ్చెన అందుతుంది అన్నది వాళ్లు చూసి చెప్తే ఆగే గది ఏదో కూడా ఖాయమవుతుంది.

మెట్లదారి:

ఒకటి మిగిలింది, కాలిన గాయం. కుళాయి కింద చల్లటి నీళ్లు, 20 నిమిషాలు, గడియారం చూసుకుని. గాయమై మూడు గంటల్లోపైతే ఆలస్యమైనా సరే పట్టండి. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయాలి. అంటుకుపోయిన బట్ట లాగొద్దు. ఐసు, టూత్‌పేస్టు, నూనె ఏవీ రాయొద్దు. బాబు లాంటి చిన్నపిల్లలకైతే కాలినచోట మాత్రం నీళ్లు పట్టి మిగతా ఒంటికి దుప్పటి చుట్టండి, లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది. తర్వాత శుభ్రమైన పల్చటి ప్లాస్టిక్ షీటు గాయం మీద పరిచినట్టు వేసి ఆస్పత్రికి. చుట్టూ బిగించి కట్టొద్దు, వాపొస్తే రక్తం ఆగిపోతుంది. ముఖం, చేతులు, కీళ్లు కాలినా, పొగ పీల్చి గొంతు బొంగురుపోయినా, మనిషి పైకి బాగున్నట్టే కనిపిస్తున్నా సరే, వెంటనే చూపించాలి. గొంతు లోపలి వాపు కొన్ని గంటల తర్వాత కూడా పెరుగుతుంది.