‘చందమామ రావే’ అంటున్నాం సరే, ఆ ‘వే’ ఎవరికి?

గోదారిగట్టు:
నిన్న రాత్రి, అంటే 2025 సెప్టెంబరు 7న, మేడ మీద గ్రహణం చూశాం. పదకొండు కాగానే చంద్రుడు పాత ఇటుక రంగుకి దిగిపోయాడు. ఆ తర్వాత 82 నిమిషాలు అలాగే. మా అత్తగారు మాత్రం కిందే ఉన్నారు, ఆవకాయ జాడీ మీద దర్భ వేసి దానికి కాపలాగా. మా ఆరేళ్ళవాడికి నిద్ర ఆగడం లేదు, చూడనిదే పడుకోనంటాడు. సరే, మెలకువగా ఉంటాడని ‘చందమామ రావే’ అందుకున్నాను. కొండెక్కి రావే గోగుపూలు తేవే, బండెక్కి రావే బంతిపూలు తేవే, అయ్యాయి. ‘పల్లకిలో రావే’ దగ్గర ఆగిపోయాను. మా అమ్మ ‘పాలు పెరుగు తేవే’ అనేదని గుర్తు. కింద నుంచి అత్తగారు ‘పారిజాతం తేవే’ అని అందించారు. ఏది సరైంది? మీ ఇళ్ళల్లో ఏమంటారు?
అన్నట్టు మావాడి అనుమానం ఒకటి. ‘మామ అంటే మగాడు కదా, రారా అనాలి కదమ్మా’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మూడోబెంచి:
మా ఇంట్లో పంచదార. అది వదిలేయండి, పిల్లాడిదే అసలు ప్రశ్న. నా మటుకు నాకు తోచింది ఇది: ఆ ‘వే’ జాబిల్లిది. జాబిల్లి అమహత్తు, అంటే వ్యాకరణంలో మగవాళ్ళ మాట కానిది, ‘వచ్చింది, పోయింది’ అంటాం. అలాంటివాటిని మనం ‘వే’ అనే పిలుస్తాం. బస్టాపులో ‘రావే తల్లీ’ అంటాం బస్సుని. ఎల్లుండి దుబాయ్‌లో యూఏఈతో మ్యాచ్ ఉంది, టీవీ ముందు కూర్చుని ‘పడవే వికెట్టూ’ అనని వాడుంటే చూపించండి. జాబిల్లికి అన్న ‘వే’నే చందమామకీ తగిలించారు, అంతే.

స్వరజతి:
వికెట్ల దాకా ఎందుకండీ, శ్యామశాస్త్రి గారు తోడి రాగంలో కట్టిన స్వరజతి పాట లేదూ? ‘రావే హిమగిరి కుమారి.’ పిలుస్తున్నది కామాక్షిని. ‘వే’ ఆడవాళ్ళకే అనడానికి ఇంతకంటే ఏం కావాలి? నేను ఇంకో అడుగు ముందుకేస్తాను. పాట మొదట ‘జాబిల్లి రావే’ అనే ఉండి ఉంటుంది. చందమామ తర్వాత వచ్చి అతుక్కున్నాడు. సినిమా పాటల్లో చూడండి, జాబిల్లి అన్నారంటే తొంభై పాళ్ళు అమ్మాయే.

అరసున్న:
స్వరజతి గారు కామాక్షి దగ్గర ఆగిపోయారు, ఏనుగుని మరిచారు. పోతన భాగవతంలో గజేంద్రుడి మొర వినండి.
‘రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!’
ఈశ్వరుడు అమహత్తా? వరదుడు ఆడవాడా? ఇక్కడ ‘వే’ అనే ప్రత్యయమే లేదు. రావు + ఏ. ‘రావా?’ అని అడగడం. కావవు + ఏ, ‘కాపాడవా?’ వ్యతిరేకంలో అడిగితే బతిమాలినట్టు. ఇప్పటికీ ‘కాస్త మంచినీళ్ళివ్వవూ?’ అంటాం కదా, అదే. మగ ఆడ పంపకం తర్వాతి కాలంలో మనం చేసుకున్నది.

గోదారిగట్టు:
మాస్టారూ, అద్భుతం. మావాడికి చెప్తాను. మరి పల్లకి?

తాళపత్రం:
ఒక చిన్న సవరణ. మా నాన్నగారు ఆ పద్యం ‘రావె యీశ్వర’ అనే చదివేవారు, హ్రస్వంతో. పాత తెలుగులో ‘వినవె, కనవె’ అనే ఉంటుంది. దీర్ఘం ఈ మధ్య పాడుకునేవాళ్ళు లాగింది. ‘సంరక్షింపు’ అని కూడా కొన్ని ప్రతుల్లో చూశాను.

అరసున్న:
‘రక్షింపు’, ‘రక్షించు’ గొడవలోకి నేను దిగను, రెండూ గురువు గురువు లఘువే. కానీ ‘రావె’ ఎలా కుదురుతుంది నాయనా? అది శార్దూలం. మొదటి గణం మగణం, మూడూ గురువులు కావాలి. రా, వే, యీ. ‘రావెయీ’ అంటే నడుమ లఘువు పడి రగణమైపోతుంది. ‘కావవే’లోనూ అంతే, ఆ ‘వే’ జగణానికి నడుమ గురువు. పోతన ఆ రెండుచోట్లా దీర్ఘమే రాశాడని నేను చెప్పక్కర్లేదు, ఛందస్సు చెబుతుంది. నాన్నగారు రాగంలో కుదించి ఉంటారు.

తాళపత్రం:
గణం ఒప్పుకుంటాను. కానీ హ్రస్వం పోతనకి తెలియనిదేం కాదు. అదే గజేంద్రుడు కాస్త ముందు సీసంలో ఏమన్నాడు? ‘కలుగఁడే నాపాలిఁ గలిమి’, తర్వాతి పాదం ‘నా కడ్డపడ రాఁడె’, ఆ తర్వాత ‘చూడఁడే నా పాటు’. రాఁడె! అక్కడ దీర్ఘం పెడితే గణం విరుగుతుంది. అంటే అవసరాన్ని బట్టి ఏ, ఎ. మా నాన్నగారి తప్పేమీ లేదు, ఒక పద్యంలోది ఇంకో పద్యంలోకి వచ్చిందంతే.

అరసున్న:
భేష్. అది నా వాదానికే బలం. కలుగఁడు + ఏ, రాఁడు + ఎ, చూడఁడు + ఏ. మొదట ‘ఆయన రాడా’ అని లోకంతో అన్నాడు, ఆఖర్న ‘నువ్వు రావా’ అని ఆయనతోనే అన్నాడు. రాఁడె అన్నది మగవాడి గురించే కాబట్టి రావేకి లింగం అంటగట్టేదేం లేదు.

పుంటికూర:
ఇంత లెక్క ఎందుకు సార్. మా దిక్కు ఇప్పటికీ బాపును ‘రాయే బాపూ’ అంటం, అన్నను ‘చెప్పే అన్నా’ అంటం. ‘ఏందే’ అంటే ప్రేమతోటి అన్నట్టు, ఆడోళ్ళకే అని ఎవలన్నరు? పోతన బమ్మెరాయన. పాలకుర్తి పక్కనే, జనగామ జిల్లా. ఇంట్ల మాట్లాడిన మాటే పద్యంల పెట్టిండు. దేవుణ్ణి బాపు లెక్క పిలిచిండు, అంతే.

కడపకారం:
ఎత్తుకున్నారబ్బా మళ్ళీ బమ్మెర. పోతన మావాడనే గదా మేమనేది, మా కడప ఒంటిమిట్ట కోదండరాముణ్ణి ఏం చేస్తారు సామీ? రాష్ట్రం విడిపోయినాక ప్రభుత్వ శ్రీరామనవమి అక్కడే చేస్తాండారు. పోతన కూర్చున్న చోటు చూపిస్తాము, రాండి.

పుంటికూర:
అన్నా, ‘బమ్మెర’ ఇంటిపేరే గదనే. ఊరు ఇంకా ఉన్నది. ఇగో ఇప్పుడు నేను ‘గదనే’ అన్న, నువ్వు ఆడమనిషివా?

అరసున్న:
పుంటికూర గారూ, మీ ‘రాయే’ నాకు చాలా ఇష్టం. కానీ అది రా + ఏ. వ్యతిరేకం లేదు అందులో. పోతనది రావు + ఏ. చెవికి దగ్గర, పుట్టుక వేరు. ‘చెప్పే అన్నా’ కూడా చెప్పు + ఏ. అదే పోతన అయితే ‘చెప్పవే’ అనాలి.

పుంటికూర:
పుట్టుక వేరైతే ఏంది సార్, పిలుపు ఒక్కటే గదా. నేనైతే ఒప్పుకోను.

కడపకారం:
పోతన ఎవరికైనా ఉండనీండి, చందమామ మాత్రం మాదే. తాళ్ళపాక అన్నమయ్య ఏమన్నాడో ఒక్కరూ ఎత్తలేదు. ‘చందమామ రావో జాబిల్లి రావో.’ వే కాదు, వో. మీరు పాడుకునే కొండెక్కి, బండెక్కి అంతా దీన్ని చూసి కట్టుకున్నదే. పైగా ఆయన పాలు తెమ్మన్నది పైడికోరలో. కోర అంటే గిన్నె, కూర అనుకునేరు.

స్వరజతి:
అటునుంచి ఇటు ఎందుకు కాకూడదు? ఊళ్ళో ఆడవాళ్ళు పాడుకుంటున్న పాట విని అన్నమయ్యే ‘వో’ చేసి ఉంటాడు. జోలపాటలు, ఉయ్యాల పాటలు ఆయన అలాగే అందుకున్నాడు. రాగిరేకు మీదకి ఎక్కింది ముందు, నోట్లో ఉన్నది వెనక అనుకోవడం మన చదువుకున్నవాళ్ళ జబ్బు.

తాళపత్రం:
‘వో’ వచ్చింది కాబట్టి ఒక్క మాట. రావు + ఓ. అదే ‘ఓ’ గజేంద్రుడి నోట ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అని వస్తే ఒళ్ళు జలదరించే సందేహం. అన్నమయ్య దగ్గర ‘రావో’ అని వస్తే ముద్దు. ఒక్క అచ్చు చేసే పని చూడండి. ‘కలఁడో లేఁడో’ అన్న రోజున పోతన నిజంగానే ఒక్క క్షణం నమ్మకం జారి ఉంటాడని నా అనుమానం. ఏనుగు పేరు పెట్టి తనే అడిగాడు.

మూడోబెంచి:
ఆ మాట ఏనుగుది, పోతనది కాదు. పాత్ర మాటని కవి మెడకి కట్టొద్దు.

తాళపత్రం:
మూలంలో లేని సందేహం ఏనుక్కి ఎక్కడిది మరి? సంస్కృత భాగవతం తీసి చూడండి, ఈ కందం అక్కడ దొరకదు.

నేలబారు:
సైన్సు మనిషిని, మధ్యలో దూరుతున్నాను. మీరంతా ‘రావే, రావో’ అంటున్నారు గానీ చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల లెక్కన దూరం జరుగుతున్నాడు. అపోలోవాళ్ళు అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదకి లేజర్ కొట్టి కొలుస్తున్నారు. అన్నమయ్య పిలిచిననాటికీ ఇప్పటికీ సుమారు ఇరవై మీటర్లు వెనక్కి పోయాడు. రాడు + ఏ కాదు, ఉత్త ‘రాడు’. అందుకే 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3తో మనమే వెళ్ళాం. ఆ సాయంత్రం ఆరూ నాలుగుకి మా ఆఫీసు క్యాంటీన్‌లో ఒకాయన ‘దిగవే, దిగవే’ అంటున్నాడు విక్రమ్ ల్యాండర్‌ని. పేరు మగపేరు, పిలుపు ‘వే’. ఇది ఎవరి ఖాతాలో వేస్తారు?

మూడోబెంచి:
నా ఖాతాలో. ల్యాండరు అమహత్తు.

అరసున్న:
నా ఖాతాలో. ‘దిగవా’ అని బతిమాలాడు.

పుంటికూర:
క్యాంటీన్ ఎక్కడ సార్, హైదరాబాదేనా? అట్లయితే నా ఖాతల.

నేలబారు:
హైదరాబాదే. కానీ ఆయనది విజయనగరం.

స్వరజతి:
అందరూ ‘వే’ పట్టుకుని గోగుపూలు వదిలేశారు. కొండ మీద గోగేమిటి? గోగు చేలో వేస్తారు, నారకీ కూరకీ. పువ్వు చూశారా ఎప్పుడైనా? లేత పసుపు రేకులు, నడుమ ముదురు ఎరుపు మచ్చ, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. నిన్న రాత్రి చంద్రుడు మళ్ళీ తెల్లబడుతున్నప్పుడు అంచు పాలిపోయి నడుమ ఎరుపు మిగిలింది, అచ్చం గోగుపువ్వే. పాట కట్టిన తల్లి గ్రహణం చూసే కట్టి ఉంటుంది అనిపించింది నాకు. నవ్వకండి.

పుంటికూర:
నవ్వుతలేనక్కా, కానీ అది గోగు కాదు, గునుగు. గుట్టల పొంటి మొలిచేది గునుగు. ఇంకో రెండు వారాలల్ల బతుకమ్మ, గునుగుకే పోతరు అందరు. ‘కొండెక్కి రావే గునుగుపూలు తేవే.’ గోగుకూరను మేం పుంటికూర అంటం, నా పేరే అది. గోగు మా ఇంటి మనిషి, కొండెక్కదు.

కడపకారం:
కొండెక్కితే కొండెక్కినట్టే గదా. దీపం కొండెక్కింది అంటాం. గ్రహణం రోజు ఆ మాట అనకూడదు, మా అవ్వ తిడతాది.

అరసున్న:
‘కొండెక్కి’, ‘గునుగు’, బాగానే ఉంది గానీ గో–గు అనే జంట పోతుంది. కొం, గో. బం, బం. ప, పా. మొదటి అక్షరాల పొత్తు చూడండి. క, గ సరసమైన మైత్రి, యతికి చెల్లుతుంది. గునుగైనా చెల్లుతుంది, అది వేరే సంగతి.

గోదారిగట్టు:
అయ్యా, అమ్మా. ప–పా అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పాలు పెరుగు, పారిజాతం, పంచదార, మూడూ పకారమే. మూడింటికీ పొత్తు కుదురుతోంది. తేల్చేదెవరు?

తాళపత్రం:
అసలు ‘పల్లకిలో’ అన్నదే నాకు అనుమానం. కొండెక్కి, బండెక్కి అన్నాక మూడోది ‘పల్లకెక్కి’ అవ్వాలి. ఎక్కడ నుంచి వచ్చింది ఆ ‘లో’?

అరసున్న:
పల్లకి ఎక్కడం అనే మాట ఉంది గాని, ఎక్కి రావడం అంటే...

గోదారిగట్టు:
ఎక్కి వచ్చినా కూర్చుని వచ్చినా, తెచ్చిందేమిటండీ?